పదిహేనో తారీఖు దాటితే: టెక్సస్‌లో కాంట్రాక్టరు బాకీ, ఇంటి మీద లియన్

"అన్నా, మా ఇంటి మీద ఏదో లియన్ ఉందంట. క్లోజింగ్ ఆగిపోయేట్టుంది."

ఫ్రిస్కో నుంచి సోమవారం పొద్దున్నే ఫోన్. శుక్రవారం ఇల్లు అమ్మే చివరి సంతకాలు, అదే క్లోజింగ్. సామాను సగం అట్టపెట్టెల్లోకి ఎక్కేసింది. ఇంటి హక్కులు సరిచూసే టైటిల్ కంపెనీవాళ్లు రికార్డులు వెతికితే, ఆ ఇంటి మీద 8,400 డాలర్ల బాకీ ఉందంటూ ఒక కలప షాపు కౌంటీ (మన జిల్లాలాంటిది) ఆఫీసులో కాగితం వేసి ఉంది. ఆరు నెలల కిందట పెరట్లో ప్యాటియోకి కప్పు వేయించారు, ఆ కలప తాలూకు బాకీ అది. "కాంట్రాక్టరుకి పైసలతో సహా ఇచ్చేశాం కదన్నా! ఆ షాపు ఎవరో కూడా మాకు తెలీదు" అంటాడు మావాడు. నిజమే, వీళ్లు ఇచ్చేశారు. కాంట్రాక్టరు కలప షాపుకి ఇవ్వలేదు.

నేను లాయర్ని కాను. డాలస్ చుట్టుపక్కల చిన్న చిన్న రీమోడలింగ్ కంపెనీలకు లెక్కలు రాస్తాను. అంటే ఈ కథలో నేనుండేది ఎక్కువగా అవతలి వైపు, డబ్బు రాక తిప్పలు పడేవాళ్ల వైపు. నా టేబుల్ ఎదురుగా ఉన్న క్యాలెండర్‌లో ప్రతి నెలా 15వ తేదీ చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంటుంది. ఎందుకో చెప్తాను.

ముందు ఆ మాట సంగతి. మన ఊళ్లలో గవర్నమెంటు ఉద్యోగులకు లియన్ అంటే పాత పోస్టుకి తిరిగొచ్చే హక్కు. బ్యాంకు మెసేజ్‌లో లియన్ అంటే ఖాతాలో ఉన్నా తియ్యడానికి వీల్లేని సొమ్ము. అమెరికాలో ఇంటిపని చేసినవాళ్ల లియన్ ఈ రెండోదానికి దగ్గర. పనిచేసినవాడికో సరుకు వేసినవాడికో డబ్బు రాకపోతే, ఆ బాకీని ఇంటి రికార్డుకే అంటగట్టడం. డబ్బు ఎగ్గొట్టింది ఎవరైనా బాకీ వెళ్లి ఇంటికి అతుక్కుంటుంది. మేస్త్రీ పెట్టిన ఇటుకల్ని, వడ్రంగి కొట్టిన దూలాల్ని పీకి తీసుకుపోలేం కదా. వాళ్ల కష్టం ఆ ఇంట్లో కలిసిపోయింది కాబట్టి ఆ ఇంటి విలువలోనే వాళ్లకు కొంత హక్కు ఉండాలన్నది దీని వెనకున్న ఆలోచన.

అమెరికాలో ఇలాంటి చట్టం మొదట వచ్చింది 1791లో, మేరీల్యాండ్‌లో. కొత్త రాజధాని వాషింగ్టన్‌ని ఖాళీ నేల మీద కట్టాలి. పనివాళ్లూ సామాను వ్యాపారులూ అరువు మీద పనిలోకి దిగాలంటే ఏదో ఒక భరోసా కావాలి. తర్వాత అమెరికా అధ్యక్షులైన జెఫర్సన్, మాడిసన్‌లు దీని వెనక ఉన్నారు. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం తన చట్టం తాను రాసుకుంది. అందుకే కాలిఫోర్నియా స్నేహితుడు ఇచ్చిన సలహా టెక్సస్‌లో పనికిరాదు. అక్కడ పని మొదలైన 20 రోజుల్లో ముందస్తు నోటీసు, లియన్ వేసిన 90 రోజుల్లో కోర్టు దావా. ఇక్కడి లెక్క పూర్తిగా వేరు. నాకు తెలిసింది టెక్సస్ కాబట్టి ఇక్కడి సంగతే చెప్తాను.

నెలలు లెక్కపెట్టడం

టెక్సస్ రాజ్యాంగంలోనే ఈ హక్కు రాసి ఉంది. వివరాలు ప్రాపర్టీ కోడ్ 53వ అధ్యాయంలో ఉంటాయి. ఆ అధ్యాయాన్ని చాలావరకు తిరగరాశారు. 2022 జనవరి 1 నుంచి కుదిరిన ఒప్పందాలకు కొత్త రూల్స్ వర్తిస్తాయి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా వాటికి ఆ మార్పు సంగతే తెలియదు, జాగ్రత్త.

ఒక ఉదాహరణతో చూద్దాం. మెయిన్ కాంట్రాక్టరు కింద టైల్స్ పరిచే సబ్ కాంట్రాక్టరు ఒకతను. ఒకరి ఇంట్లో 2025 ఫిబ్రవరిలో బాత్రూమ్, మార్చిలో వంటిల్లు చేశాడు. మార్చి 21తో పని అయిపోయింది. మెయిన్ కాంట్రాక్టరు "ఓనరు ఇంకా ఇవ్వలేదు, వచ్చే వారం చూద్దాం" అని తిప్పుతున్నాడు.

ఇళ్ల పనుల్లో సబ్ కాంట్రాక్టరు ముందు నోటీసు పంపాలి. పని చేసిన నెల తర్వాత రెండో నెల 15వ తేదీ లోపు, ఓనరుకీ మెయిన్ కాంట్రాక్టరుకీ ఇద్దరికీ. ఫిబ్రవరి పనికి ఏప్రిల్ 15. మార్చి పనికి మే 15. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఏ నెల పనికి ఆ నెల గడువు విడిగా నడుస్తుంది. మా టైల్స్ అతను ఏప్రిల్ నెలాఖరున మేలుకొని ఒకే నోటీసులో మొత్తం బాకీ రాసి పంపాడనుకోండి, మార్చి పని దక్కుతుంది, ఫిబ్రవరి బాత్రూమ్ లియన్ లెక్కలోంచి జారిపోతుంది. నోటీసు వాట్సాప్‌లో పంపితే కుదరదు. సర్టిఫైడ్ మెయిల్ గానీ, ఎప్పుడు చేరిందో రుజువు చూపించే కొరియర్ గానీ ఉండాలి.

ఆ తర్వాత అసలు లియన్ అఫిడవిట్. ఇళ్ల పనిలో సబ్ కాంట్రాక్టరుకి ఆఖరి పని చేసిన నెల తర్వాత మూడో నెల 15. మార్చిలో ఆపాడు కాబట్టి జూన్ 15. 2025లో ఆ రోజు ఆదివారం. శని, ఆదివారాలు, సెలవులు వస్తే గడువు మరుసటి పనిదినానికి జరుగుతుంది కాబట్టి జూన్ 16 సోమవారం. అయినా ఆ ఒక్కరోజు మీద ఆశపెట్టుకోవద్దని నేను మా వాళ్లకు మొత్తుకుంటాను. ఇళ్లు కాని పనులకు, అంటే షాపులు, ఆఫీసుల్లాంటి వాటికి, ఈ లెక్కలకు ఒక్కో నెల అదనం.

అఫిడవిట్ దాఖలయ్యాక ఐదు రోజుల్లోపు దాని కాపీ ఓనరుకి పంపాలి. సబ్ అయితే మెయిన్ కాంట్రాక్టరుకి కూడా. అంతటితో డబ్బు వచ్చేయదు. ఎవరూ దిగిరాకపోతే కోర్టులో దావా వెయ్యాలి. దానికి అఫిడవిట్ వెయ్యడానికున్న చివరి రోజు నుంచి ఒక ఏడాది గడువు. లియన్ వేసినవాడూ ఓనరూ రాతపూర్వకంగా ఒప్పుకుని కౌంటీలో నమోదు చేయించుకుంటే, అఫిడవిట్ వేసిన రోజు నుంచి రెండేళ్ల దాకా పొడిగించుకోవచ్చు. ఆ గడువులో దావా పడకపోతే లియన్ దానంతట అదే చచ్చిపోతుంది, కాగితం మాత్రం రికార్డులో అలాగే ఉండిపోతుంది.

అఫిడవిట్‌లో తప్పు పోవడానికి కూడా చాలా చోట్లున్నాయి. ఇంటి అడ్రసు రాస్తే సరిపోదు. లాటు, బ్లాకు, సబ్‌డివిజన్ పేరు ఇలా దస్తావేజులో ఉన్న వివరణ ఉండాలి. నోటరీ ముందు ఊరికే సంతకం పెడితే చాలదు, ప్రమాణం చేసి చెబుతున్నానని ఉండాలి. ఆస్తి ఏ కౌంటీలో ఉందో ఆ కౌంటీ క్లర్క్ దగ్గరే వెయ్యాలి. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. ఊరి పేరు చూసి కౌంటీ ఊహించుకుని, పొరపాటు ఆఫీసులో ఫీజు కట్టినవాళ్లు ఉన్నారు. ఆ కాగితానికి విలువ లేదు.

ఇంత తతంగం అయ్యాక కూడా లియన్ వేసినవాడికి ముందున్నది బ్యాంకు. ఇంటి అప్పుకి బ్యాంకు రాయించుకున్న తాకట్టు (మార్టిగేజ్), పని మొదలవక ముందే నమోదై ఉంటే దాని బాకీ తీరాకే మనవాడి వంతు. ఇల్లు వేలం వెయ్యాలన్నా కోర్టు తీర్పు కావాలి. అంచేత లియన్ వల్ల చేతికి చెక్కు రాదు, తాళం పడుతుంది. ఓనరు ఇల్లు అమ్ముకోవాలన్నా, పాత అప్పు తీర్చి కొత్తది తీసుకోవాలన్నా (రీఫైనాన్స్) ఆ తాళం అడ్డం వస్తుంది. ఆ టెన్షన్‌లోనే చాలా బాకీలు వసూలవుతాయి.

డబ్బు కట్టేసిన ఓనరు మళ్లీ కట్టాలా?

ఈ ప్రశ్న దగ్గర ఓనర్లకు ఒళ్లు మండుతుంది, సబబుగానే. టెక్సస్ చట్టం దీనికి ఒక మధ్యేమార్గం పెట్టింది. ఓనరు ఒప్పందం విలువలో 10 శాతాన్ని పని మొత్తం పూర్తయ్యాక 30 రోజుల దాకా తన దగ్గరే ఆపుకోవాలి. 60,000 డాలర్ల పనికి 6,000. కింద పనిచేసినవాళ్లలో ఎవరికైనా బాకీ ఉంటే అందులోంచి తీర్చడానికి. దీంతోపాటు, సబ్ నుంచి నోటీసు అందిన తర్వాత, ఆ మొత్తం మేరకు మెయిన్ కాంట్రాక్టరుకి ఇవ్వాల్సిన డబ్బుని ఓనరు ఆపేయవచ్చు. ఈ రెండూ పాటించిన ఓనరు రెండోసారి కట్టే పరిస్థితి దాదాపు రాదు. 10 శాతం ఆపకుండా అంతా ఇచ్చేసినా, నోటీసు చేతికి వచ్చాక కూడా "మా కాంట్రాక్టరు మంచోడే" అని మిగతాది పంపించేసినా, ఆ మేరకు ఇల్లు ఇరుక్కుంటుంది.

పని మొదలయ్యే ముందే కాంట్రాక్టరు తన కింద పనిచేసే సబ్‌ల, సప్లయర్ల జాబితా ఓనరుకి ఇవ్వాలి. ఓనరు అక్కర్లేదని సంతకం పెడితే మాత్రం ఇవ్వనక్కర్లేదు. ఆ సంతకం పెట్టించుకునే కాగితం ఒప్పందంలో ఎక్కడో మూలన ఉంటుంది, చాలామంది చూడరు. నేనైతే ఆ జాబితా తీసుకుని, చివరి చెక్కు ఇచ్చే ముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "మీకు అంతా అందిందా?" అని అడగమంటాను. అరగంట పని.

లియన్ వదులుకుంటున్నామని రాసిచ్చే కాగితాల గురించి కూడా చెప్పాలి. టెక్సస్‌లో చట్టమే నాలుగు ఫారాలు అచ్చేసి ఇచ్చింది. మధ్యలో వచ్చే వాయిదా చెల్లింపుకి రెండు, ఆఖరి చెల్లింపుకి రెండు. ప్రతి జతలో ఒకటి షరతుతో, ఒకటి బేషరతుగా. షరతున్నదాని అర్థం: ఈ చెక్కు నిజంగా పాసైతేనే నా హక్కు వదులుకుంటాను. బేషరతుదాని అర్థం: డబ్బు వచ్చేసింది, హక్కు పోయింది. డబ్బు చేతికి రాకుండా బేషరతు ఫారం మీద సంతకం పెట్టమని అడగడమే చట్టవిరుద్ధం. అయినా అడుగుతారు. మన తెలుగు పెయింటింగ్ కాంట్రాక్టరు ఒకాయన "అది పెడితేనే చెక్కు రాస్తానన్నాడండీ, పెట్టేశాను" అని నా దగ్గరికొచ్చాడు. చెక్కు రాశారు. అది పాసవ్వలేదు. మొహమాటానికి పెట్టిన ఆ సంతకాన్ని తర్వాత వెనక్కి లాగడానికి ఎంత తిరిగాడో!

హోమ్‌స్టెడ్, భార్య సంతకం, డైనింగ్ టేబుల్

టెక్సస్‌కే ప్రత్యేకమైన మెలిక ఇక్కడుంది. సొంతంగా కాపురముండే ఇంటిని ఇక్కడ హోమ్‌స్టెడ్ అంటారు. అప్పులవాళ్లు ఆ ఇంటి జోలికి రాకుండా రాష్ట్ర రాజ్యాంగమే కాపాడుతుంది. పాత కాలంనాటి భరోసా ఇది. క్రెడిట్ కార్డు బాకీ ఎంత ఉన్నా ఇల్లు పోదు. ఇంటిపని బాకీకి మాత్రం మినహాయింపు ఉంది, కానీ దానికి చాలా షరతులు పెట్టారు.

ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. ఒక్క మేకు కొట్టక ముందే, ఒక్క సరుకు దిగక ముందే సంతకాలు పడాలి. ఓనరుకి పెళ్లయితే భార్యాభర్తలిద్దరూ సంతకం చెయ్యాలి, ఇల్లు ఒక్కరి పేరు మీదే ఉన్నా సరే. ఆ ఒప్పందాన్ని కౌంటీ క్లర్క్ దగ్గర నమోదు చెయ్యాలి. మెయిన్ కాంట్రాక్టరు ఇవన్నీ సరిగ్గా చేసి ఉంటేనే అతని కింద ఉన్న సబ్‌లకూ సప్లయర్లకూ లియన్ పనికొస్తుంది.

పాత ఇంటికి రిపేరో రీమోడలింగో అయితే ఇంకా కఠినం. దంపతులు ఆ ఒప్పందం మీద సంతకం పెట్టాల్సింది లాయరు ఆఫీసులోనో, టైటిల్ కంపెనీలోనో, ఆ పనికి అప్పిచ్చే సంస్థ ఆఫీసులోనో మాత్రమే. సంతకం అయ్యాక మూడు రోజుల్లో జరిమానా లేకుండా రద్దు చేసుకునే హక్కు ఒప్పందంలో రాసి ఉండాలి. అప్పు తీసుకుని చేయిస్తుంటే, దరఖాస్తు పెట్టిన ఐదో రోజు కన్నా ముందు సంతకం పెట్టించకూడదు.

ఇప్పుడు మనవాళ్ల ఇళ్లలో జరిగేది చూడండి. కాంట్రాక్టరు సాయంత్రం ఆరింటికి వస్తాడు. కొలతలు తీసుకుంటాడు. టీ ఇస్తారు. డైనింగ్ టేబుల్ మీదే ల్యాప్‌టాప్ తెరిచి అంకె చెప్తాడు. ఇంటాయన రెండు వేలు తగ్గించమని బేరమాడి, ఫోన్‌లోనే వేలితో గీకి సంతకం పెడతాడు. ఇంటావిడ పక్క గదిలో ఆఫీసు మీటింగ్‌లో ఉంటుంది. ఆ క్షణంలోనే కాంట్రాక్టరు తన లియన్ హక్కుని ఆ టేబుల్ మీద వదిలేసి వెళ్తున్నాడు. అతనికి తెలియదు. టైల్స్ అతనికి అంతకన్నా తెలియదు. నా దగ్గరికి "లియన్ వేద్దామండీ" అని వచ్చేవాళ్లలో ఎక్కువమందికి నేను మొదట వేసే ప్రశ్న బాకీ ఎంత అని కాదు, సంతకాలు ఎవరెవరివి, ఎక్కడ పెట్టారు అని.

ఓనర్లు దీన్ని పట్టుకుని డబ్బు ఎగ్గొట్టొచ్చనుకుంటే పొరపాటు. లియన్ పోతే పోయింది, బాకీ పోదు. ఒప్పందం ప్రకారం మామూలు దావా వెయ్యడానికి నాలుగేళ్ల గడువుంది. మెయిన్ కాంట్రాక్టరు సంగతైతే ఇంకా ఉంది. ఓనరు ఇచ్చిన డబ్బు సబ్‌లకు చేరాల్సిన ట్రస్టు సొమ్ము అని ఇక్కడి చట్టం అంటుంది. తెలిసి దాన్ని వేరే పనికి వాడితే క్రిమినల్ కేసు. మోసం చేసే ఉద్దేశంతో అయితే ఫెలనీ, అంటే పెద్ద నేరం, దాకా వెళ్తుంది. నా అనుభవంలో లియన్ బెదిరింపుకి కదలని కాంట్రాక్టర్లు, ఈ ట్రస్టు సొమ్ము అధ్యాయం నంబరు వేసిన ఉత్తరానికి కదిలారు.

ఇటువైపు కూడా హద్దుంది. అబద్ధమని తెలిసి, మోసగించాలనే దొంగ లియన్ వేస్తే కనీసం 10,000 డాలర్లు, నష్టం అంతకన్నా ఎక్కువైతే ఆ మొత్తం, పైగా లాయరు ఫీజులు చెల్లించాలి. కోపంలో 8,000 బాకీని 20,000 అని రాసేవాళ్లకు ఇది చూపిస్తాను.

గవర్నమెంటు పనుల్లో లియనే ఉండదు. స్కూలు బిల్డింగుని, ఫెడరల్ ఆఫీసుని వేలం వెయ్యలేం కదా. అక్కడ కాంట్రాక్టరు బాకీలకు హామీగా ముందే పేమెంట్ బాండు ఇస్తాడు, బాకీ ఉన్నవాళ్లు ఆ బాండు మీద పడాలి. ఫెడరల్ పనులకు దీని చట్టం 1935 నాటి మిల్లర్ యాక్ట్.

హైదరాబాదు నుంచి మా మేనమామ అడిగాడు, ఇలాంటిది మనకూ ఉందా అని. లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ కింద, నగ చేసిన కంసాలి మజూరీ ఇచ్చేదాకా నగని తన దగ్గరే ఉంచుకోవచ్చు. సెక్షన్‌లో ఉదాహరణలు కూడా అలాంటివే: వజ్రం సానబట్టిన జ్యువెలర్, కోటు కుట్టిన టైలర్. ఆ టైలరు కూడా మూడు నెలల అరువుకి ఒప్పుకుంటే కోటు ఆపుకోలేడు. చేతిలో పట్టుకోగల వస్తువుకే ఆ హక్కు. స్లాబ్ వేసిన మేస్త్రీ ఇంటిని చేతిలో పట్టుకోలేడు. అందుకే పునాదికి ఇంత, స్లాబుకి ఇంత అని మన మేస్త్రీలు ముందే తీసుకుంటారు, ఆగితే పని ఆపేస్తారు. మిగిలినదానికి మూడేళ్లలో సివిల్ దావా. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థలకు 45 రోజులు దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ అని 2006 చట్టం ఉంది కానీ, నిర్మాణ కాంట్రాక్టులు దాని కిందికి వస్తాయా అన్నదాని మీద హైకోర్టులు ఒక్క మాట మీద లేవు.

శుక్రవారం ఏమైంది

ఫ్రిస్కోవాళ్లు కలప షాపు అఫిడవిట్ నాకు పంపారు. హోమ్‌స్టెడ్ మీద వేసే అఫిడవిట్ పైభాగంలో బోల్డ్ అక్షరాల్లో ఒక మాట ఉండి తీరాలి. తెలుగులో చెప్పాలంటే: "గమనిక: ఇది లియన్ కాదు. లియన్ ఉందని చెప్పుకునే అఫిడవిట్ మాత్రమే." అది ఉంది. లాటు, బ్లాకు నంబర్లు సరిగ్గా ఉన్నాయి. తేదీ గడువులోపే ఉంది. కాలిన్ కౌంటీలోనే వేశారు. చాలా శుభ్రంగా చేసిన పని.

కాంట్రాక్టరు ఒప్పందం కూడా పంపమన్నాను. ఒకటే సంతకం, మావాడిది. కౌంటీలో నమోదు లేదు. ఇంకేముంది, ఈ లియన్ చెల్లదు అన్నాను. మావాడి లాయరు కూడా అదే అన్నాడు. టైటిల్ కంపెనీ ఆవిడ మాత్రం "మీరు చెప్పింది నిజమే కావచ్చండీ, కానీ రికార్డులో కాగితం ఉంది, అది పోయినట్టు ఇంకో కాగితం రావాలి" అంది. కోర్టులో తొందరగా తేల్చమని అర్జీ పెట్టొచ్చు, శుక్రవారానికి తేలదు. ఇంటి బదులు హామీగా బాండు కట్టి ఇంటిని విడిపించుకోవచ్చు. 40,000 డాలర్ల లోపు లియన్‌కి బాండు రెండింతలుండాలి, అంటే 16,800కి. బాండు కంపెనీ కాగితాలకే రెండు మూడు రోజులు పడుతుంది. కొనేవాళ్లకు బ్యాంకు ఖాయం చేసిన వడ్డీ రేటు గడువు ఆ శుక్రవారంతోనే అయిపోతోంది.

బుధవారం సాయంత్రం మావాడు కలప షాపు మేనేజరుతో మాట్లాడాడు. ఒప్పందంలో భార్య సంతకం లేదని ఆయనకీ చూపించాడు. ఆయన కాసేపు ఆలోచించి, 3,000 ఇస్తే లియన్ వదులుకున్నట్టు రిలీజ్ కాగితం రాసిస్తానన్నాడు. గురువారం మధ్యాహ్నం బ్యాంకు నుంచి డబ్బు వైర్ వెళ్లింది, నాలుగింటికి రిలీజ్ కాగితం కౌంటీలో రికార్డయింది. శుక్రవారం పదకొండింటికి క్లోజింగ్.

ఈసారి టైటిల్ కంపెనీ టేబుల్ దగ్గర భార్యాభర్తలిద్దరూ కూర్చుని, ప్రతి పేజీ మీదా ఇద్దరూ సంతకాలు పెట్టారు.